'డోపమిన్ రిపేరు' సరుకు: రాసప్ప చెట్టి వీధి దూలగొండి నుంచి ఆన్‌లైన్ సీసా దాకా

చెన్నై పార్క్‌టౌన్‌లో రాసప్ప చెట్టి వీధికి వెళ్ళి, నాటుమందుల కొట్లో 'పూనైక్కాలి విదై' అని అడిగితే పొట్లం కట్టి ఇచ్చేది మన దూలగొండి గింజలే. నల్లవీ ఉంటాయి, తెల్లవీ ఉంటాయి. కొందరు దురదగొండి అంటారు, ఉత్తరాది కొట్లలో కౌంచ్ బీజ్ అంటారు. ఇదే గింజ సారాన్ని గొట్టాల్లో (క్యాప్సూళ్ళలో) నింపి, పక్కన ఎల్-టైరోసిన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, విటమిన్ బీ6 చేర్చి, 'డోపమిన్ రిపేర్', 'బ్రెయిన్ రీసెట్' అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో సీసాల్లో అమ్ముతున్నారు. డోపమిన్ అంటే మెదడులో కదలికనూ, ఉత్సాహాన్నీ నడిపే రసాయనం. కొనేవాళ్ళలో పరీక్షల కోసం చదివే పిల్లలున్నారు, వ్యాయామశాలకు వెళ్ళే కుర్రాళ్ళున్నారు. మెత్, ఐస్ అనే పేర్లతో తిరిగే మెథాంఫెటమిన్ మానేసి, చెడిన మెదడును బాగుచేసుకోవాలని చూసేవాళ్ళూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళూ ఉన్నారు. ఈ సమీక్ష ఈ చివరివాళ్ళ కోసం.

తీర్పు ముందే చెప్పేస్తాం. దూలగొండిలో మందు నిజంగానే ఉంది. అయితే అది వేరే జబ్బుకు మందు. మెత్ చేసిన నష్టానికి దీన్ని కొనడమంటే పైకప్పు కారుతుంటే నీళ్ళ ట్యాంకు కొనుక్కున్నట్టు. మార్కులు ఐదుకు ఒకటి. ఆ ఒకటి కూడా గింజకే, సీసాకు కాదు.

అసలు చెడేది ఏమిటి

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, నడిమెదడులో డోపమిన్ తయారుచేసేవి నాలుగు నుంచి ఆరు లక్షలు మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం ఉండే చోటు నల్లగా కనిపిస్తుంది కాబట్టే దానికి సబ్‌స్టాన్షియా నైగ్రా, అంటే నల్ల పదార్థం అని పేరు. కణం అక్కడుంటుంది గానీ పని జరిగేది పైన, స్ట్రయేటమ్ అనే చోట. ఒక్కో కణం సన్నటి తీగను పంపి, దాన్ని మర్రిచెట్టులా కొమ్మలు వేయించి, లక్షల కొద్దీ చివర్లు పెడుతుంది. డోపమిన్ తయారీ, నిల్వ, విడుదల అన్నీ ప్రధానంగా ఈ చివర్లలోనే.

తయారీ దారి ఇది. తిండిలోని టైరోసిన్‌ను టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఎల్-డోపాగా మారుస్తుంది. ఇంకో ఎంజైమ్ దాన్ని డోపమిన్ చేస్తుంది, దానికి బీ6 సాయం కావాలి. తయారైన డోపమిన్‌ను కణం బయట ఉంచదు. వీమ్యాట్2 అనే పంపు దాన్ని వెంటనే చిన్న చిన్న సంచుల్లోకి తోసేస్తుంది. సంచి లోపల పులుపు ఎక్కువ, పీహెచ్ 5.5 దగ్గర. సంచి బయట 7 దాటి ఉంటుంది. ఈ తేడా ఎందుకో వంటింట్లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అరటిపువ్వు తరిగి ఊరికే వదిలేస్తే నిమిషాల్లో నల్లబడుతుంది, మజ్జిగలో వేస్తే ఆగుతుంది. డోపమిన్ కూడా ఆ జాతిదే. పులుపులో నిలవుంటుంది, పులుపు లేనిచోట గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్వినోన్లు అనే ఘాటు పదార్థాలుగా మారి నల్లబడుతుంది. మాట వరసకు చెప్పిన పోలిక కాదిది. అరటి తొక్కలో నిజంగానే డోపమిన్ ఉంది. అలాగని అరటిపళ్ళు తిని మెదడు నింపుకోలేం. డోపమిన్‌కు రక్తంలోంచి మెదడులోకి వెళ్ళే దారి లేదు.

మెత్ లోపలికి వెళ్ళడానికి దొంగదారి అక్కర్లేదు. విడుదలైన డోపమిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే ద్వారం ఒకటుంది, డ్యాట్ అంటారు. మెత్ అణువు ఆకారం డోపమిన్‌కు దగ్గరి చుట్టం కాబట్టి ఆ ద్వారం గుండానే నడిచి వస్తుంది. వచ్చి సంచుల్లో చేరి పులుపు విరిచేస్తుంది, వీమ్యాట్2 పంపును అడ్డుకుంటుంది. సంచిలోని సరుకంతా కణం లోపలే ఒలికిపోతుంది. డ్యాట్ ద్వారం తిరగబడి డోపమిన్‌ను బయటికి కక్కుతుంది. మత్తు అంటే అదే. బయటికి పోనిది లోపలే ఆక్సీకరణం చెందుతుంది. క్వినోన్లు తయారై టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌కూ, డ్యాట్‌కూ అతుక్కుని వాటినే చెడగొడతాయి. డోపమిన్‌ను విరిచే ఎంజైమ్ ప్రతి విరుపుకూ కొంత హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది, అది అక్కడి ఇనుముతో కలిస్తే మరింత ఘాటైన హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దీనికి తోడు గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనం పొంగి కాల్షియం లోపలికి జొరబడుతుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నీరసిస్తుంది, మైక్రోగ్లియా అనే కాపలా కణాలు రెచ్చిపోతాయి.

వేడి సంగతి విడిగా చెప్పాలి, చెన్నైలో మరీను. ఎలుకలకు రెండేసి గంటల తేడాతో నాలుగు మోతాదులు ఇచ్చి నష్టాన్ని కొలవడం ప్రయోగశాలల్లో పాత పద్ధతి. ఎలుకల్ని చల్లటి గదిలో ఉంచి అదే మోతాదు ఇస్తే నష్టం బాగా తగ్గుతుంది. ఒంటి వేడి పెరిగితే చివర్లు కాలిపోవడం కూడా పెరుగుతుంది. మే నెల ఎండలో, గాలి ఆడని గదిలో, నీళ్ళు తాగకుండా, రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపే మనిషికి ఈ లెక్క ఎటు తిరుగుతుందో ఊహించుకోవచ్చు. మెత్ తీసుకున్న మనిషి ఒళ్ళు కాలిపోతుంటే, మాట తడబడుతుంటే పారాసిటమాల్ పనికిరాదు. అది మామూలు జ్వరం కాదు, మెదడు పెట్టుకున్న వేడి మట్టం మారలేదు. తడి గుడ్డలు, ఫ్యాను, మెడకూ చంకలకూ చల్లదనం పెట్టి 108కి ఫోన్ చేయాలి.

అయితే కణాలు చచ్చిపోతాయా?

సీసా అమ్మేవాళ్ళు, భయపెట్టే వీడియోల వాళ్ళు ఇద్దరూ తప్పు చెప్పేది ఇక్కడే. ఒకరు 'కణాలు చచ్చాయి, ఇక అంతే' అంటారు. ఇంకొకరు 'డోపమిన్ అయిపోయింది, మేం నింపుతాం' అంటారు.

దెబ్బ ఎక్కువగా తగిలేది చివర్లకు. కింద కణదేహాలు చాలామటుకు మిగులుతాయి. కొన్ని ఎలుకల ప్రయోగాల్లో కణదేహాలు కూడా కొంత పోయినట్టు కనిపించింది గానీ ప్రధానమైన నష్టం కొమ్మలదే, వేరుది కాదు. 1996లో మెత్ వాడి చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరిశీలిస్తే స్ట్రయేటమ్‌లో డోపమిన్, టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, డ్యాట్ మూడూ తగ్గి ఉన్నాయి. కానీ వీమ్యాట్2, డోపాను డోపమిన్ చేసే ఎంజైమ్ దాదాపు మామూలుగానే ఉన్నాయి. చివర్లన్నీ ఊడిపోయి ఉంటే ఇవి కూడా పోవాలి కదా. అంటే కొంత నష్టం తెగిపోవడం, కొంత మూతపడడం. 2001లో అమెరికా పరిశోధకురాలు నోరా వోల్కోవ్ బృందం మెత్ మానేసినవాళ్ళ మెదడు స్కాన్లు తీసింది. 12 నుంచి 17 నెలలు మానిన ఐదుగురిలో డ్యాట్ స్ట్రయేటమ్‌లోని రెండు భాగాల్లో, కాడేట్‌లో 19 శాతం, పుటామెన్‌లో 16 శాతం పెరిగింది. ఐదుగురే, చిన్న లెక్క. పైగా స్కాన్ బాగుపడినంతగా జ్ఞాపకశక్తి, చేతుల చురుకుదనం పరీక్షల్లో బాగుపడలేదు. ఈ రెండో ముక్కను సీసా వెనక అచ్చు వేసినవాళ్ళు ఎక్కడా కనిపించలేదు.

ముందుముందు ప్రమాదం లేదని కూడా కాదు. కాలిఫోర్నియా ఆసుపత్రి రికార్డుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో మెత్ వాడినవాళ్ళకు పార్కిన్సన్ అనే వణుకు జబ్బు వచ్చే అవకాశం 1.76 రెట్లుగా తేలింది. కొకైన్ వాడినవాళ్ళలో ఆ పెరుగుదల లేదు. కారణం ఊహించదగ్గదే. కొకైన్ డ్యాట్ ద్వారాన్ని బయటి నుంచి మూస్తుంది, మెత్‌లాగా లోపలికి పోయి సంచులు చించదు. కొకైన్ మంచిదని కాదు, దాని దెబ్బ గుండె మీదా, రక్తనాళాల మీదా వేరే రకంగా పడుతుంది.

ఏకాగ్రత లోపానికి (ఏడీహెచ్‌డీ) డాక్టరు రాసిన మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్న పిల్లల తల్లిదండ్రులు ఇది చదివి మందు ఆపేయకూడదు. అది కూడా ద్వారం మూసే రకమే, రాసిన మోతాదులో నోటి ద్వారా నెమ్మదిగా ఎక్కుతుంది. దాన్ని పొడి చేసి పీల్చేవాళ్ళ సంగతి వేరు.

గింజలో ఏముంది

దూలగొండి చరిత్రలో మన ఊరికి వాటా ఉంది. ఈ గింజల్లోంచి ఎల్-డోపాను వేరుచేసి 1937లో ప్రచురించినవాళ్ళు మద్రాసులో పనిచేసిన ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి. పార్కిన్సన్ రోగుల స్ట్రయేటమ్‌లో డోపమిన్ బాగా తగ్గిపోయి ఉంటుందని తేలింది 1960లో, నోటి ద్వారా పెద్ద మోతాదులో డోపా పనిచేస్తుందని జార్జ్ కొట్జియాస్ అనే డాక్టరు చూపింది 1967లో. పార్కిన్సన్‌లో కణాలే పోతాయి. అందుకే అక్కడ ఎల్-డోపా పనిచేయడం అర్థమయ్యే విషయం. 2004లో ఎనిమిది మంది పార్కిన్సన్ రోగులకు 30 గ్రాముల దూలగొండి పొడి ఇచ్చి మామూలు ఎల్-డోపా మాత్రతో పోల్చారు. పొడి తొందరగా పట్టింది, ఎక్కువసేపు నిలిచింది. ఈ ఒక్క ఫలితాన్నే పట్టుకుని ఆన్‌లైన్ దుకాణం నడుస్తోంది. ఆ 30 గ్రాముల్లో సుమారు 1,000 మిల్లీగ్రాముల ఎల్-డోపా ఉంది. ఇది డాక్టరు కళ్ళెదుట ఇచ్చే మోతాదు, పాలలో కలుపుకునే చెంచా కాదు.

సీసా అమ్మేవాళ్ళ వాదన బొత్తిగా తెలివితక్కువది కాదని ఒప్పుకోవాలి. మెత్ వల్ల టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ తగ్గుతుంది కదా, ఎల్-డోపా ఆ మెట్టును దాటేస్తుంది కదా, అంటారు. కాగితం మీద నిజమే. కానీ ఎలుకల్లో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌ను ముందుగా ఆపేసి మెత్ ఇస్తే నష్టం తగ్గింది. కాల్చేది డోపమినే కాబట్టి, తయారీ ఆపితే కాలడానికి సరుకుండదు. ఇప్పుడు మానాలని చూస్తూ మధ్యలో జారిపోయే మనిషిని తలచుకోండి. అలా జారడం ఈ జబ్బులో మామూలే. పొద్దున ఎల్-డోపా నింపుకుని సాయంత్రం మెత్ తీసుకుంటే జరిగేది రిపేరు కాదు, పొయ్యిలోకి కట్టెలు ఎగదోయడం.

ఇక సరుకు నాణ్యత. ఎండు గింజలో ఎల్-డోపా సుమారు 3 నుంచి 6 శాతం. అంటే ఐదు గ్రాముల పొడిలో 150 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండాలి. ఉంటుందా అంటే శుద్ధి ఎలా చేశారన్నదాన్ని బట్టి. సంప్రదాయంగా గింజల్ని పాలలో మూడు గంటలు ఉడికించి, పైతోలు తీసి, ఎండబెట్టి పొడి చేస్తారు. ఎల్-డోపాలో కొంత ఆ పాలలోకే దిగిపోతుంది. పచ్చిగా పొడి కొట్టినవాడి దగ్గర ఎక్కువుంటుంది, పద్ధతిగా చేసినవాడి దగ్గర తక్కువుంటుంది. పక్కపక్క కొట్లలో కొన్న రెండు పొట్లాల్లో ఒకే మోతాదు ఉంటుందనుకోవడం వట్టిమాట. చెమ్మ తగిలి ముదురు రంగుకు తిరిగిన పొడి అయితే అప్పటికే ఆక్సీకరణం మొదలైందన్నమాట. కాయలతో సహా అమ్మితే మాత్రం ముట్టుకోవద్దు. కాయ మీది నూగులో మ్యుకునైన్ అనే ఎంజైమ్ ఉంది, దూలంతా దానిదే.

గొట్టాల సీసా లేబుల్ మీద 'సారం 500 మి.గ్రా.' అని మాత్రమే ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. సారంలో ఎల్-డోపా ఎంత శాతమో ఉండాలి. 20 శాతమైతే 100 మి.గ్రా., 40 శాతమైతే 200. శాతం రాసినా నమ్మకం తక్కువే. అమెరికాలో అమ్ముడయ్యే ఇలాంటి సరుకును పరీక్షించినప్పుడు ఉన్న ఎల్-డోపా లేబుల్ లెక్కలో 6 శాతం నుంచి 141 శాతం దాకా తేలింది. సీసా మీది చీటీని నమ్మి పెద్ద పెద్దవాళ్ళే పప్పులో కాలేశారు. ఎక్‌స్టసీ అనే ఎండీఎంఏ డోపమిన్ కణాల్ని చెడగొడుతుందని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం బృందం 2002లో 'సైన్స్' పత్రికలో గట్టిగా రాసింది. మరుసటి ఏడే వెనక్కి తీసుకుంది. ఎండీఎంఏ అని చీటీ ఉన్న సీసాలో నిజానికి ఉన్నది మెథాంఫెటమిన్!

అన్నిటికన్నా నవ్వొచ్చేది దూలగొండినీ బీ6నూ ఒకే గొట్టంలో పెట్టడం. ఎల్-డోపా మెదడుకు చేరకముందే పేగుల్లో, రక్తంలో డోపమిన్‌గా మారిపోవడం దీని పెద్ద తలనొప్పి. అందుకే పార్కిన్సన్ మాత్రలో ఆ మార్పును బయట ఆపే కార్బిడోపా కలుపుతారు. బీ6 చేసేది సరిగ్గా దానికి ఎదురు పని, బయటే మార్చేయడానికి తోడ్పడుతుంది. ఫలితంగా మెదడుకు తక్కువ, కడుపులో వికారం ఎక్కువ. కార్బిడోపా లోటు తీర్చాలని కొన్ని సీసాల్లో గ్రీన్ టీ సారం వేస్తున్నారు. అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మి.గ్రా. దాటితే కాలేయానికి ముప్పు. పాలలో కలిపి తాగమనే కొట్టువాడి సలహా ఇంకో చోట అడ్డం పడుతుంది. పాల మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ ఎల్-డోపా కూడా మెదడులోకి ఒకే తలుపు గుండా వెళ్ళాలి, తోపులాటలో ఎల్-డోపా వెనకబడుతుంది.

మిగతా సరుకు

ఎల్-టైరోసిన్ 500 మి.గ్రా. గొట్టం: రెండు కోడిగుడ్లలో అంతే ఉంటుంది. తిండి సరిగ్గా తినే మనిషిలో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌కు ముడిసరుకు కొరత ఉండదు, పని ఆగేది ఎంజైమ్ దగ్గర. మెత్ రోజుల్లో తిండి మాని చిక్కిపోయిన మనిషికైతే గుడ్లు, పప్పు, పెరుగు కొనండి. మార్కులు సున్నా.

ఎన్-ఎసిటైల్ సిస్టీన్ 600 మి.గ్రా.: కణాన్ని ఆక్సీకరణం నుంచి కాపాడే గ్లూటాథయాన్ తయారీకి ఇది పనికొస్తుంది. జంతువుల్లో మెత్‌కు ముందు ఇస్తే కాపాడిన మాట నిజం. తర్వాత తీసుకుంటే పాత నష్టం పోతుందని దాని అర్థం కాదు. ఆస్ట్రేలియాలో 153 మందికి రోజుకు 2,400 మి.గ్రా. చొప్పున 12 వారాలు ఇచ్చి చూశారు, మెత్ వాడకం ఉత్తుత్తి మాత్రకన్నా తగ్గలేదు. డాక్టరు ఏ కారణానికైనా రాస్తే మందుల షాపులో కఫానికి అమ్మే నీళ్ళలో కరిగే మాత్ర అదే మందు. మెదడు బొమ్మ వేసిన సీసాకు ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. మాత్ర నీళ్ళలో వేస్తే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. అది గంధకం, పాడైందని పారేయకండి.

ఎవరు అస్సలు ముట్టకూడదు

మెత్ వల్ల అనుమానాలు, గొంతులు వినిపించడం వచ్చినవాళ్ళు ఎల్-డోపా ఉన్న ఏ సరుకూ తీసుకోకూడదు. వాళ్ళకు రిస్పెరిడోన్ గానీ ఓలాంజపైన్ గానీ రాసి ఉంటారు. అవి డోపమిన్‌ను అందుకునే గ్రాహకాల్ని మూసే మందులు. ఒక చేత్తో మూస్తూ ఇంకో చేత్తో పోస్తే మందు పనిచేయడం లేదని డాక్టరు మోతాదు పెంచే ప్రమాదం ఉంది. డోపమిన్‌ను విరిచే ఎంజైమ్‌ను ఆపే సెలెజిలిన్, రసాజిలిన్, లినెజోలిడ్ వాడేవాళ్ళకు రక్తపోటు ఎగదన్నవచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. గర్భిణులకు వద్దు.

'మూలికే కదా, ఏం చేస్తుంది' అనే మాట ఈ గింజ విషయంలో చెల్లదు. ఇందులో ఉన్నది న్యూరాలజిస్టు రాసే మందే, కొలత లేకుండా.

ఆ డబ్బుతో ఏం చేయొచ్చు

మెత్ మాన్పించడానికి ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఇంతవరకు లేదు. అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది, మూత్ర పరీక్ష శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతికి. ఇంట్లో చేయాలంటే తిట్లూ శపథాలూ పక్కన పెట్టి, ఆ రోజు ఫలితానికి ఆ రోజే ఏదైనా ఇవ్వాలి. నెలాఖరుకు ఇస్తానంటే పనిచేయదు. ఆలస్యమయ్యే బహుమతి విలువ కట్టలేకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే. వ్యాయామానికి కూడా కొలిచి చూపిన ఫలితం ఉంది. చికిత్సలో ఉన్నవాళ్ళ చేత వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున ఎనిమిది వారాలు దగ్గరుండి చేయిస్తే స్ట్రయేటమ్‌లో డోపమిన్ గ్రాహకాలు సుమారు 15 శాతం పెరిగాయి. ఇరవై మంది కూడా లేని చిన్న పరీక్ష అయినా, మెరీనాలో పొద్దున ఆరింటికి నడవడానికి ఖర్చేమీ లేదు. మొదటి వారం మాత్రం నడిపించకండి, పడుకోనివ్వండి. ఆ తర్వాత వారాలూ నెలలూ ఏదీ రుచించదు, ఏదీ నవ్వించదు. చివర్లు ఇంకా చిగురించకపోవడం దానికి ఒక కారణం. ఇంట్లోవాళ్ళు సోమరితనమని తిట్టేదీ, మనిషి సీసా కోసం వెతికేదీ సరిగ్గా ఈ రోజుల్లోనే.

చెన్నైలో ప్రభుత్వ వైద్యం కావాలంటే కీల్పాక్‌లోని మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. వ్యసన చికిత్సకే పెట్టిన సంస్థ ఇందిరానగర్‌లోని టీటీకే ఆసుపత్రి, 1980లో శాంతి రంగనాథన్ మొదలుపెట్టింది. ఫోన్‌లో తెలుగులో మాట్లాడాలంటే టెలి మానస్ 14416. మత్తు పదార్థాల కోసమే ఉన్న జాతీయ నంబరు 14446. ఇప్పటికే సీసా కొనేసి ఉంటే పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రోజుకు ఎన్ని గొట్టాలు, ఎన్నాళ్ళ నుంచి, ఏ పూట వేసుకుంటున్నదీ ఒక చీటీ మీద రాసి సీసాతో పాటు బల్ల మీద పెట్టండి.